ఇరుకు హ్యాండిల్, ముందు పోవాల్సిన బియ్యం

ఇరుకు హ్యాండిల్ కబురు నాకు మొదట తెచ్చింది మా వదినె, అన్న భార్య. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోన్‌లో ఏదో చూసుకుంటూ వంటింట్లోంచే కేకేసింది.

"ఇగో పిల్లా, ఇటు రా. పందేల సైకిళ్లకు ఇప్పుడు హ్యాండిలు గింతే ఉంటదట. నువ్వేమో బర్రె కొమ్ములు పట్టుకున్నట్టు పట్టుకుంటవు."

"పాలు పొంగుతున్నయి వదినె."

"పొంగనీ. చేతులు తిమ్మిరెక్కుతున్నయని ఏడ్చేది నువ్వే కదా!"

నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. కుట్టిన బట్టలు చుట్టుపక్కల ఊళ్లకు సైకిల్ మీదే ఇచ్చి వచ్చేదాన్ని. ఆ అలవాటే ముదిరి, ఎవరో వాడి అమ్మిన రోడ్ బైక్ ఒకటి ఖమ్మంలో కొనుక్కున్నాను. గాలిలో తేలినట్టు పోతుంది, వంక పెట్టడానికి లేదు. కానీ దాని హ్యాండిల్ ఎవరో వెడల్పు భుజాల మగమనిషికి బిగించింది. చేతులు బార్లా చాపి పట్టుకోవాలి. కాసేపు తొక్కితే మెడ దగ్గర మొదలై చిటికెన వేలి దాకా తిమ్మిరి పాకేది. ఇంటికొచ్చి సూది పడితే, వేళ్ల మధ్య సూది ఉందో లేదో తెలిసేది కాదు. సూది తెలియని చేతికి నా పనిలో అన్నం లేదు.

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పోవాలంటే వాగు దాటాలి. అందుకని నన్ను ఇంట్లోనే ఉంచారు. వదినె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. చేటలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించింది ఆమె. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ చేటలోంచి వచ్చిందే. ఆ ఆయాసం పిల్లే ఏటా అడవిదారిన భద్రాచలం దాకా సైకిల్ తొక్కిందంటే, సగం రామయ్య దయ, సగం వదినె కాచి పోసిన కషాయాల దయ.

భద్రాచలం ఎందుకంటే, రామయ్య కల్యాణానికి తలంబ్రాల బియ్యం ఇచ్చి రావడానికి. శ్రీరామనవమికి ముందు వదినె వడ్లను గోటితో ఒలిచేది. రోకలి తగలకూడదు, మిల్లు తగలకూడదు, గింజ విరగకూడదు. పసుపు కలిపి ఎర్రబట్టలో మూట కట్టి, నా హ్యాండిల్ మధ్యలో బిగించిన కొక్కేనికి తనే తగిలించేది.

"దేవుడి బియ్యం ముందు పోవాలె. మనం ఎనక పోవాలె." అది ఆమె పెట్టుకున్న నియమం. ఏ పుస్తకంలో ఉందని నేనెప్పుడూ అడగలేదు.

పాలు పొంగిన వారంలోనే ఖమ్మం వెళ్లాను. కొలతకని సంచిలో నా ఆది జాకెట్టు పెట్టుకుపోయాను. మా దగ్గర ఆడవాళ్లెవరూ ఒళ్లు కొలవనివ్వరు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు, దాన్ని చూసే కుడతాం. సైకిల్ షాపతను నేను బల్ల మీద పరిచిన జాకెట్టును చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏందక్కా, సైకిల్‌కు రవిక కుట్టాల్నా?"

"భుజం కొలత దీంట్లో ఉంది కదన్నా."

"కుట్టు ఎక్కడున్నదో నాకెందుకు? నీ ఎముక ఎక్కడున్నదో చెప్పాలె."

నిజమే. భుజం మీద ముడత రాకుండా కుట్టును లోపలికి జరిపేది నేనే. అలవాటు ఆ మాట గుర్తు రానివ్వలేదు. టేపు తీసుకుని, చీర కొంగు సర్దుకుని, అద్దం ముందు నిలబడి ఒక ఎముక నుంచి ఇంకో ఎముక దాకా నేనే కొలుచుకున్నాను. ముప్పై ఆరు సెంటీమీటర్లు. నా పాత హ్యాండిల్ నలభై నాలుగు. ఇన్నేళ్లూ ఇంకెవరివో భుజాలు మోశానన్నమాట.

కొత్త హ్యాండిల్ చేతిలో పెట్టాడు. కాడ, కొమ్ములు అన్నీ ఒకటే ముక్క. వైర్లన్నీ దాని కడుపులోనే. పైభాగం పలకలాగా సాపుగా, నల్లగా, కొంగ ఈకంత తేలిగ్గా ఉంది. పట్టుకోగానే నా చేతులు వాటంతటవే దగ్గరికొచ్చాయి, దండం పెట్టబోతున్నట్టు.

"ఒక్కటే అక్కా. ఒకసారి వేసినంక అటు ఇటు జరపరాదు. దీని మీద ఏదీ బిగించొద్దు, పగులుద్ది."

"కొక్కెం?"

"కొక్కెం లేదు, గంట లేదు. ఏదీ లేదు."

తీసుకోకుండానే బస్సెక్కాను.

వదినె అంతా విని, తన గోళ్ల వంక చూసుకుంది. "ఎనక వీపుకు కట్టుకుపోత వదినె" అన్నాను.

"రామయ్యకు వీపు చూపిస్తవా?"

"మరేం చేద్దాం?"

"నాకేమెరుక. కుట్టేదానివి నువ్వు, నేనా? ఏదో ఒకటి ఆలోచించు." అని, పడుకోబోతూ మళ్లీ అంది: "చేతులు పోగొట్టుకోకు పిల్లా. బియ్యం మోయడానికైనా చేతులు కావాలె."

ఆలోచించే లోపలే చలికాలం వచ్చింది. వదినె వడ్లు ఒలవడం మొదలుపెట్టింది. మూట సగం నిండిందో లేదో, ఒక పొద్దున గుండెలో నొప్పి అంది. దవాఖానాకు తీసుకుపోయాం. ఇంటికి రాలేదు.

ఆ ఏడు ఇంట్లో మైల. నవమి వచ్చి పోయింది. నేను భద్రాచలం పోలేదు. వేపాకు వేసిన సగం మూట దూలానికి వేలాడుతూనే ఉంది. అన్న లారీ తోలుతాడు, ఎప్పుడో తప్ప ఇంట్లో ఉండడు. ఒక్కదానికి ఎసరు పెట్టడం చేతకాక, ఎక్కువ వండి ఎక్కువ పారబోశాను. మైల తీరాక, మిగతా వడ్లు నేను ఒలుద్దామని కూర్చున్నాను. తిమ్మిరి వేళ్ల కింద ప్రతి గింజా విరిగింది. అప్పుడు అర్థమైంది, ఆమె ఏ చేతుల గురించి చెప్పిందో. మర్నాడే ఖమ్మం వెళ్లి ఇరుకు హ్యాండిల్ వేయించుకున్నాను.

మూట సంగతి అలాగే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం కుట్టుపెట్టె సర్దుతుంటే వదినె ఆది జాకెట్టు చేతికొచ్చింది. చిలకపచ్చ రంగు, చంకల్లో వెలిసిపోయింది. మా పనిలో ఆది జాకెట్టు మీద కత్తెర పెట్టం. అది పోతే ఆ మనిషి కొలత పోయినట్టే. ఇక ఆ కొలతకు కుట్టేదేముంది అనుకోవడానికి నాకు సాయంత్రమైంది. పసుపు నీళ్లలో జాడించి ఆరేశాను. ఆరాక కత్తిరించాను. లోపల కొత్త తెల్లబట్ట అస్తరు వేసి సంచి కుట్టాను, ఎద మీద కట్టుకునేలా, మెడకు ఒక నాడా, నడుముకు ఒకటి. బియ్యం నాకు ముందే ఉంటుంది. నేను దాని వెనకే పోతాను. తప్పో ఒప్పో రామయ్యకే వదిలేశాను.

ఈ నవమికి ముందు తెల్లవారగానే బయలుదేరాను. పాల్వంచ దాటాక టేకు చెట్లు బోడిగా నిలబడి ఉన్నాయి. ఇప్పపూలు ఏరుతున్న ఆడవాళ్లు నన్ను ఆపారు.

"పిల్లనేసుకుని సైకిల్ తొక్కుతవా అక్కా?"

"పిల్ల కాదు. బియ్యం."

"బియ్యాన్ని గిట్ల మోస్తరా!" అని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఆ పొద్దున నాతో మాట్లాడింది వాళ్లే. వాళ్లు చల్లగా ఉండాలి.

గోదావరి బ్రిడ్జి మీద ఆగాను. చేతులు తిమ్మిరెక్కలేదు. వేళ్లు ఒక్కొక్కటీ ముడిచి చూసుకున్నాను, అన్నీ నావే. అలవాటు కొద్దీ ఫోన్ తీశాను. ఏటా ఇక్కడినుంచే వదినెకు చేసేదాన్ని. "బియ్యం తడవలే కదా?" అని ముందు అడిగేది, ఆ తర్వాతే "నువ్వు బాగున్నవా?" అని. ఫోన్ మళ్లీ లోపల పెట్టుకున్నాను. తర్వాత సంచి మీద చెయ్యి వేసి, "తడవలే వదినె" అని పైకే చెప్పి, సైకిల్ ఎక్కాను.

సగం మూటే అయినా గుడిలో తీసుకున్నారు. పెద్ద రాశిలో కలిసిపోయింది. ఇప్పుడు ఏ గింజ ఆమెదో నేనూ చెప్పలేను. మీ ఇంటికి ఎప్పుడైనా భద్రాచలం తలంబ్రాలు వస్తే, కళ్లకద్దుకునేటప్పుడు, చేటలో బియ్యం పోసి ఒక ఆయాసం పిల్లకు అక్షరాలు దిద్దించిన మా వదినెను ఒక్కసారి తలుచుకోండి.