తడి తువ్వాలు

దయ్యాలూ భూతాలూ నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేవాణ్ని. అనంతపురం జిల్లా యాడికి ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఈ పనిలో కారణం లేకుండా ఏదీ ఆగదు, ఏదీ నడవదు. ఈ ఒక్కదానికి మాత్రం కారణం వెతికి వెతికి అలసిపోయాను.

మా చేలో బోరు ఉన్న రోజుల్లో నాయనకు ఒక అలవాటుండేది. నీళ్లు సన్నబడగానే పైపు మీద అరచెయ్యి ఆనించి, "ఇంగ సాలు, కొంచేపు పండుకోనీ" అని మోటారు ఆపేసేవాడు. తన తువ్వాలు తడిపి స్టార్టరు పెట్టె మీద ఆరేసేవాడు. అది ఆరేదాకా మోటారు వెయ్యకూడదని మా చేలల్లో అందరికీ తెలుసు. లోపల నీళ్లు ఊరడానికి అంత సేపు పడుతుంది.

నాయన పోయాడు. తర్వాత బోరూ ఎండిపోయింది. బోరు మోటారుకు పెట్టించిన సోలార్ పలకలు వృథాగా ఎందుకని, ఆ మోటారు షెడ్డులోనే చిన్న సర్వరు పెట్టాను. అందులో మా మేనత్త పాటలున్నాయి. ఆమె నాయనకు చెల్లెలు. శనక్కాయ చేలో కలుపు తీస్తూ పాడేది. గొంతు ఆపరేషన్‌కు ముందు అవన్నీ రికార్డు చేశాను. ఆపరేషన్ తర్వాత అత్తకు మాట పోయింది. ఇంకోచోట దాచిన కాపీ ఈమధ్యే చెడిపోయింది. అత్త గొంతు ఇక ఆ షెడ్డులో తప్ప ఎక్కడా లేదు.

బ్యాటరీ తగ్గితే ఒక సన్న వైరు సర్వరుకు ఆ సంగతి చెబుతుంది. అప్పుడది అన్నీ సర్దుకుని తనంతట తానే ఆగుతుంది. అలా కాక కరెంటు ఉన్నట్టుండి పోతే డిస్కు దెబ్బతింటుంది. పాటలు పోవచ్చు.

ఆ వారమంతా మబ్బులు. మా సీమ మబ్బులు చినుకు రాల్చవు, ఎండా రానివ్వవు. అత్తను అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ కూర్చుని ఫోన్లో చూస్తే బ్యాటరీ నిండుగా ఉంది. నిన్నా అదే అంకె. ఎండ లేకుండా అదెలా కుదురుతుంది? వైరు తెగిందని అర్థమైంది. ఫోన్ నుంచే ఆపేద్దామనుకునేలోగా సర్వరుతో లైను తెగిపోయింది. అత్తను వెంటబెట్టుకుని దొరికిన బస్సెక్కాను. దారంతా ఆమె ముఖం చూడలేకపోయాను.

పక్క చేను ఓబులేసు గట్టు మీదే ఉన్నాడు. షెడ్డులోకి ఎవరైనా వెళ్లారా అని అడిగాను.

"ఎవరు పోతారన్నా? పొద్దన్నుంచి నేనీడనే ఉండా. తాళం నీ కాడనే ఉండాది కదప్పా!"

నిజమే, తాళంచెవి నా జేబులోనే ఉంది. తలుపు తీశాను. వైరును ఎలుక కొరికేసింది. బ్యాటరీ దాదాపు ఖాళీ. గోడ మీద సర్వరు స్విచ్చి కిందికి దించి ఉంది.

పాత స్టార్టరు పెట్టె మీద ఒక తువ్వాలు ఆరేసి ఉంది. ముట్టుకున్నాను. తడిగా, చల్లగా ఉంది.

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వెనకే వచ్చిన అత్త మాత్రం భయపడలేదు. తువ్వాలు ముఖానికి ఆనించుకుని వాసన చూసి, మళ్లీ ఉన్నచోటే పరిచింది. ఎండిన పైపు మీద అరచెయ్యి పెట్టింది. శబ్దం లేకుండా ఆమె పెదాలు కదిలాయి. ఏమంటోందో నాకు తెలుసు. ఇంగ సాలు, కొంచేపు పండుకోనీ.

తువ్వాలు ఆరేదాకా నేను దేన్నీ ముట్టుకోలేదు. చదువుకున్నవాణ్ని, అయినా ముట్టుకోలేదు. మర్నాడు మబ్బు విడిచింది. బ్యాటరీ నిండాక స్విచ్చి వేశాను. సర్వరు రాసిపెట్టుకునే చిట్టా చూస్తే, వైరు తెగినా అది పద్ధతిగా సర్దుకునే ఆగింది, ఆ తర్వాతే ఎవరో స్విచ్చి దించారు. ఒక్క పాట కూడా పోలేదు. షెడ్డు నిండా అత్త గొంతు పలికింది. ఆమె కళ్లు మూసుకుని తన పాట తానే విన్నది.

వేరే తాళంచెవి ఎవరి దగ్గరైనా ఉందేమోనని ఆరా తీశాను. లేదు. పోనీ, ఎవరో వచ్చారనే అనుకుందాం. బోరు ఎండినప్పటి నుంచి ఆ చేలో చుక్క నీరు లేదు. ఆ తువ్వాలు ఏ నీళ్లతో తడిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.