ఆపడం మరిచిన పెడల్

ఈ రోజు పొద్దున ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగు చర్చిలో నా పని అయిపోయిందనుకున్నాను. పాటలకు ప్రతి వారం గిటారు వాయించే, మేమంతా దాదా అని పిలిచే అన్నకు జ్వరం. మెటల్ బ్యాండులో వాయించే నా పొడుగు జుట్టూ, పుర్రె బొమ్మల చొక్కాలూ సంఘపెద్దలకు గిట్టవు. అయినా గతిలేక నన్నే పిలిచారు. జుట్టు ముడేసుకుని, నాన్న తెల్లచొక్కా తొడుక్కుని వెళ్లాను.

పాట మొదలైంది. తీగలు మీటగానే చర్చి మొత్తం దద్దరిల్లే గర్జన! నిన్నటి షోలో వాడిన, గిటారు మోతను గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ ఆపడం మరిచిపోయాను. పాడేవాళ్లు ఆగిపోయారు. ఓ పసిపాప గుక్కపట్టింది. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి నా వైపే చూస్తున్నారు. పెడల్‌ను గట్టిగా తొక్కాను. చెప్పులు బయటే విడిచాను కదా, బూటుకు అలవాటుపడ్డ ఆ మీట ఉత్తకాలికి లొంగలేదు.

అంతలో ముందు వరసలోంచి నాన్న లేచాడు. ఇక్కడి ఓడల డాక్‌లో ముప్పై ఏళ్లు క్రేను నడిపి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్న మనిషి. ఈ జుట్టు వల్లే రెండేళ్లుగా నాతో మాటల్లేవు.

"ఆపకురా! ఎన్నాళ్లకో పాట ఇనబడింది నాకు. అలాగే వాయించీ!"

వాయించాను.

వచ్చే ఆదివారం ఆ పెడల్ తేవద్దని పాస్టరుగారు గట్టిగా చెప్పారు. నాన్నేమో ఇందాకే దాన్ని శుభ్రంగా తుడిచి నా సంచిలో పెట్టాడు. మీరైతే ఎవరి మాట వింటారు?