మడవని వెనక సీటు

2024 వేసవిలో పద్మజ మూసాపేటలోని మా షెడ్డుకు వచ్చింది. నడక ఇబ్బంది ఉన్నవాళ్లకు తగినట్టు బండ్లు మార్చి ఇవ్వడం నా వృత్తి. ఆటోలోంచి ఆమెను ఇద్దరు పట్టి దింపారు. వెంట వచ్చిన పిన్ని నేరుగా నాతో మాట్లాడింది.

"మా అమ్మాయికి ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండి కావాలండి. వెనక మనిషి కూర్చోడానికి సీటుండాలి. ఒక్కదాన్నే ఎలా పంపుతాం?"

బండి ఎవరు నడుపుతారో వాళ్ల మాటే వినాలన్నది నా నియమం. పద్మజ వైపు తిరిగి, మీకేం కావాలని అడిగాను.

"వెనక సీటు వద్దండి," అంది. "సీటుంటే ఎవరో ఒకర్ని కూర్చోబెడతారు."

చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి, ఎడమచేతిలో పట్టు పోయింది. తెనాలి నుంచి వచ్చి కొండాపూర్ హాస్టల్లో ఉంటోంది. గచ్చిబౌలిలోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆఫీసు బస్సు మెట్టు ఎక్కలేక గదిలోంచే పనిచేస్తోంది. పొద్దున అందరూ వెళ్లిపోయాక హాస్టల్లో తనూ వంటావిడా మిగులుతారట. ఆఫీసుకు వెళ్లి నలుగురి మధ్య కూర్చోవాలి, ఆమె కోరిక అంతే.

పిన్ని నిట్టూర్చి, ఏ జన్మలో చేసుకున్న పాపమో అంది. నేను ఊరుకోలేకపోయాను. జబ్బు తెచ్చింది వైరస్. బస్సుకు అంత ఎత్తున మెట్టు పెట్టింది మనిషి. మధ్యలో పూర్వజన్మకు పనేమిటి? వైకల్యానికి పాపమనో దైవత్వమనో పేరుపెట్టిన సమాజం ఆ పేరుతోనే ర్యాంపు కట్టడం తప్పించుకుంటుంది. జాలికి సిమెంటు ఖర్చు లేదు కదా! పిన్ని నొచ్చుకుంది. పద్మజ మాత్రం తల వంచుకుని నవ్వింది.

మామూలు బండికి రెండు చేతుల దగ్గరా బ్రేకులుంటాయి. మేం కాంబీ బ్రేక్ వేశాం, అంటే కుడిచేతి లివర్ ఒక్కటి నొక్కితే మూడు చక్రాలూ ఆగుతాయి. వేగం పెంచే థ్రాటిల్‌ను కుడి బొటనవేలి కిందికి తెచ్చాం. స్వివెల్ సీటు, అంటే పక్కకు తిరిగే సీటు, హాస్టల్లో ఒకటి, ఆఫీసులో ఒకటి ఉంచుకునే ఆమె వీల్‌చెయిర్ల ఎత్తుకు సరిగ్గా బిగించాం. పక్కకు జరిగితే చాలు, ఎవరూ ఎత్తనక్కర్లేదు.

ఇచ్చేముందు ఏ బండినైనా నేనే ఆ మనిషిలా నడిపి చూస్తాను. ఎడమచేయి నడుముకు కట్టుకుని, కాళ్లు బెల్టుతో బిగించుకుని బయల్దేరాను. మా వెల్డర్ యాదగిరి వెనకనుంచి, "సార్, జర దూరం పోకున్రి. కిడ్నాప్ అనుకుంటరు," అన్నాడు.

బండి ఇచ్చేరోజు అతను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. బ్రేకు నిమ్మకాయతో పడదయ్యా అన్నాను. "బ్రేకు మీరు చూసిన్రు గదా సార్. నిమ్మకాయ సంగతి నేను చూస్త," అన్నాడు. పద్మజ ఆ కాయలు తీయించి, హాస్టల్లో పులిహోరకు పనికొస్తాయని సంచీలో వేసుకుంది. నా వాదనలన్నిటికంటే ఆ పని నాకు నచ్చింది.

కొన్ని వారాల తర్వాత ఆమె ఒక్కతే బండి నడుపుకుంటూ షెడ్డుకు వచ్చింది. నాకు గర్వంగా అనిపించింది. ఆమె ముఖంలో మాత్రం సంతోషం లేదు. బండిలో ఏమైనా తేడా ఉందా అని అడిగాను.

"బండి బాగుందండి. ఆఫీసులోనే ఎవరూ లేరు."

ఆమె టీములో సగంమంది పుణేలో ఉంటారట, మిగతావాళ్లు ఇళ్లలోంచి పనిచేస్తారట. అంతస్తంతా ఖాళీ. మనిషి కదలిక లేకపోతే లైట్లు వాటంతటవే ఆరిపోయే ఏర్పాటు అక్కడ.

"నేను పెద్దగా కదలను కదండీ, ఆరిపోతాయి. చెయ్యెత్తి ఊపితే వెలుగుతాయి. రోజంతా ఎవరికో టాటా చెబుతున్నట్టుంటుంది," అంది.

ఖాళీ అంతస్తుకు విడిభాగం ఏ దుకాణంలో దొరుకుతుంది?

"వెనక సీటు పెట్టండి," అంది. అప్పుడు వద్దన్నారుగా అన్నాను.

"అప్పుడు నాకు కాపలా కూర్చోబెడతారని వద్దన్నాను. హాస్టల్ అమ్మాయిలు పొద్దున్నే బైక్ టాక్సీల కోసం గేటు దగ్గర నిలబడతారండి. నన్నందరూ ఎక్కించినవాళ్లూ దింపినవాళ్లే. ఒక్కసారైనా నేను ఎవర్నైనా దింపాలి."

ఇరుకు చోట మడుచుకునేలా సీటు బిగించి, పెరిగే బరువుకు తగినట్టు బ్రేకు సరిచేశాం.

చలికాలంలో ఒక సాయంత్రం కొండాపూర్‌లో ఆటో కోసం నిలబడి ఉంటే ఆమె బండి నా పక్కన ఆగింది. మెట్రో దగ్గర దింపుతాను ఎక్కమంది. ఎన్నో బండ్లు నడిపి చూశానుగానీ, ఒకదాని వెనక కూర్చోవడం అదే మొదలు. సిగ్నల్ దగ్గర ఒక ఆటో అతను ఆమెను దాటి నావైపు చూసి అడిగాడు.

"అన్నా, అక్కను ఏడికి తీస్కపోతున్నవ్?"

నేను నోరు విప్పేలోగా పద్మజ అంది. "ఆయన్నే నేను తీసుకెళ్తున్నానండి."

మెట్రో మెట్ల దగ్గర దిగుతూ, హాస్టల్ అమ్మాయిలు ఎక్కుతున్నారా అని అడిగాను. ఒకమ్మాయి రెండుసార్లు ఎక్కిందని, తర్వాత గది మారిపోయిందని చెప్పింది. మిగతావాళ్లు తనకు శ్రమ ఇవ్వకూడదని మొహమాటపడతారట.

ఎవరి మీదా ఆధారపడకుండా వెళ్లగలగడమే స్వేచ్ఛ అని నేను ఏళ్లుగా వాదించాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ బండి మనిషిని గుమ్మందాకానే చేరుస్తుంది. లోపల మరో మనిషి ఉండటం, పిలిస్తే మొహమాటం లేకుండా వచ్చి పక్కన కూర్చోవడం మిగతా అందరి పని. దానికి కాంబీ బ్రేక్ లాంటి ఉపాయమేదీ నాకు తెలియదు.

సీటు మడవనా అని అడిగాను.

"వద్దండి, ఉండనీయండి," అని బండి తిప్పుకుంది. ఆఫీసులు వదిలే వేళ. ఒక్కొక్కరే కూర్చున్న కార్ల మధ్య, వెనక సీటు తెరిచే ఉంచుకుని ఆమె వెళ్లిపోయింది.