సీసా కింద చవన్నీ

మా డాక్టర్ సాబ్ దవాఖానలో వరస మనుషులది కాదు, సీసాలది. మందునీళ్ల కోసం ఎవరి సీసా వాళ్లే కడుక్కొని తెచ్చుకోవాలి. తెచ్చిన సీసాను నా బల్ల మీద పెట్టి బెంచీ మీద కూర్చోవాలి. ఎవరి సీసా ముందుంటే వాళ్లు ముందు లోపలికి పోతారు. ఆడవాళ్లు పరదా వెనక కూర్చునేవారు కనుక, వాళ్ల వైపు నుంచి చేతులు మాత్రమే బయటికి వచ్చి సీసాలు పెట్టి పోయేవి. ఇది పైకి కనిపించే పద్ధతి. అసలు సంగతి ఏమిటంటే, సీసా కింద చవన్నీ, అంటే పావలా బిళ్ల, ఉంటే ఆ సీసా మిగతావాటిని దాటుకొని ముందుకు నడిచేది. నడిపించేది నేను, అక్కడి కంపౌండర్‌ని.

పనిలో పెట్టుకున్ననాడే డాక్టర్ సాబ్ దాపరికం లేకుండా చెప్పాడు.

"తన్ఖా నలభై. పైన ఏమన్న దొరికితే గది నీ కిస్మత్. నన్ను అడగొద్దు, నాకు చెప్పొద్దు."

నలభై రూపాయల జీతంతో మెదక్‌లో కిరాయి కట్టుకొని నేనూ అమ్మా బతకడం కష్టమని ఆయనకూ తెలుసు. ఆ లోటు రోగులతో పూడ్పించాడు. నేనేమో అది నా తెలివి అనుకున్నాను. కొన్నాళ్లకే కిస్మత్ తన్ఖాను మించిపోయింది. ఇస్త్రీ చొక్కాలు, చేతికి గడియారం వచ్చాయి. కుల్చారం నుంచి వచ్చే రైతులు నన్ను చిన్న డాక్టర్ అనేవారు. ఒక్కనాడూ నేను కాదనలేదు.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో సర్కారు కంపౌండర్ ట్రైనింగుకు నాకు సీటొచ్చింది. రెండేళ్లు చదవాలి. వాళ్లిచ్చే స్టైపెండు తిండికే చాలదు. ఆ తర్వాత మాత్రం సర్కారు నౌకరీ, ముసలితనంలో పింఛను. నాతో చదివినవాడొకడు ఇవేవీ లేకుండానే సంచీలో సిరంజి వేసుకొని శంకరంపేట పోయి ఏకంగా డాక్టరైపోయాడు. వాడిలా చేసే ధైర్యం నాకు లేదు. చవన్నీలు వదులుకునే మనసూ లేదు. ఒకటో తారీకులోగా చేరాలి. డాక్టర్ సాబ్‌కు రేపు చెప్తానని రోజూ అనుకొని, రోజూ గల్లా సర్దుకొని ఇంటికొచ్చేవాణ్ని.

అమ్మ మాత్రం ఒకటే మాట.

"పో బిడ్డా. రెండేండ్లు ఎంతసేపట్ల పోతయి? నేను చేస్తున్న గదా."

ఆమె చేసేది బీడీలు. ఒళ్లో చాట పెట్టుకొని పొద్దంతా చుట్టేది. నన్ను మెట్రిక్ దాకా చదివించింది ఆ చాటే. కొన్నాళ్లుగా ఆమెకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు వస్తానంటే నేనే వద్దన్నాను.

"నువ్వెందుకమ్మా అంత దూరం? మందు నేనే తెస్త."

దూరం ఏమీ లేదు. చర్చి గోపురం కనిపించే వైపు నాలుగు సందులు నడిస్తే దవాఖాన. ఆమె చీరకు పొగాకు వాసన. చిన్న డాక్టర్‌కు బీడీలు చుట్టే తల్లి ఉందని అక్కడ తెలియడం నాకు నామోషి. అందుకే వద్దన్నాను. పోనీ ఆ మందైనా తెచ్చానా అంటే, అదీ లేదు. పొద్దున గుర్తుండేది, సాయంత్రానికి మరిచిపోయేవాణ్ని.

ఒక అంగడి రోజు బల్ల మీద సీసాలకు చోటు చాలడం లేదు. పరదా సందులోంచి ఒక చెయ్యి వచ్చి సీసా పెట్టింది. కింద ఏమీ లేదు. తీసి వెనక గోడ పక్కన పెట్టేశాను. తర్వాత వచ్చిన సీసాలు ఒక్కొక్కటే దాన్ని దాటిపోయాయి. మధ్యాహ్నం దాటాక అదే చెయ్యి మళ్లీ వచ్చి, బల్ల అంచును తడిమి, చవన్నీ ఒకటి పెట్టి పోయింది. వేళ్ల కొసలు పొగాకుతో నల్లబడి ఉన్నాయి. మా ఊళ్లో సగం మంది ఆడవాళ్ల వేళ్లు అలాగే ఉంటాయి. చవన్నీ జేబులో వేసుకొని, సీసా ముందుకు తెచ్చి కేకేశాను.

"గోడ పక్క సీస ఎవరిది? జల్ది రాండ్రి!"

పరదా తొలగించుకొని మా అమ్మ వచ్చింది.

ఆమె నా ముఖం చూడకుండానే లోపలికి పోయింది. మందు రాసుకోవడానికి నేనూ వెనకే పోవాలి, పోయాను. డాక్టర్ సాబ్ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఆమె వేళ్లు చూశాడు.

"బీడీలు చేస్తవా? బంద్ జెయ్. పొగాకు దుమ్ము ఛాతిల పడ్డది. ఇట్లనే చేస్తే మస్తు పరేషాన్ అయితవ్."

"బంద్ జేస్త సార్."

ఆయన నావైపు తిరిగాడు.

"నీకు ఎర్కేనా ఈమె?"

మా అమ్మ అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం నేను నోరు తెరవలేదు. ఆమే అందుకుంది.

"మా వాడకట్టు పిలగాడే సార్. మంచోడు."

డాక్టర్ సాబ్ ఫీజు పూర్తిగా తీసుకున్నాడు. నేను సీసాలో మందునీళ్లు పోసి, డోసులకు గాట్లు పెట్టిన కాగితం అంటించి ఇచ్చాను. ఎన్నిసార్లు తాగాలని అందరిలాగే అడిగింది. మూడుసార్లని అందరికీ చెప్పినట్టే చెప్పాను. అప్పుడు నాకు వేసిన సిగ్గును ఏమని రాయాలో ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చి చవన్నీ ఆమె ముందు పెట్టాను.

"ఉంచుకో బిడ్డా. అందరు ఇస్తుండ్రు. నేనొక్కదాన్ని ఇయ్యకపోతే నీకు నామోషి కాదా?"

నిష్ఠూరమేమో అని ముఖం చూశాను. కాదు, నిజంగానే అంటోంది.

మర్నాడే డాక్టర్ సాబ్‌కు చెప్పేసి, ఒకటో తారీకుకు హైదరాబాదు చేరాను. ఇక ఎవరి సీసా కిందా వెతకను కదా అని గర్వంగా కూడా అనిపించింది. నెల తిరిగేసరికి అమ్మ పంపిన పైసలు వచ్చాయి. రెండేళ్లు తప్పకుండా వస్తూనే ఉన్నాయి. అవి ఎక్కడివని నేను అడగలేదు. బంద్ జేసినవా అంటే జేసిన అంటుంది. జేసిందంటే మరి ఈ పైసలెక్కడివని నేను వద్దనాలి.

సెలవులకు ఇంటికి వస్తే చాట కనిపించేది కాదు. అన్నం వడ్డించే ముందు బూడిద వేసి చేతులు తెగ రుద్దుకునేది. ఎంత రుద్దినా వేళ్ల కొసలు నల్లగానే ఉండేవి. ఆమె ఆ చేత్తోనే కంచంలో అన్నం పెట్టేది. నేను తల వంచుకొని తినేవాణ్ని.