పొయ్యికో చెయ్యి

మా చిన్నప్పుడు... డెబ్బైల్లో మాట... ఎమ్మిగనూరులో మా మగ్గాల సందుకు ఒకే ఒక్క కుళాయి ఇస్తామన్నారు మున్సిపాలిటీ వాళ్ళు. ఎక్కడ పెట్టాలో మీరే తేల్చుకోండని చెప్పి పోయారు. తేల్చుకోవడమంటే మా సందులో సామాన్యమా...

పై కొసన మేము, ఇంకో రెండిళ్ళు. కింది కొసన గోవిందప్ప అన్నదమ్ములు. కుళాయి ఏ కొసకు వస్తే ఆ కొస ఆడవాళ్ళకు బావి నుంచి బిందెలు మోసే బాధ తప్పుతుంది. అదీ పంచాయితీ.

మా సందులో ఏ మాట తేలాలన్నా పద్ధతి ఒకటే... పొయ్యికో చెయ్యి. ఇంట్లో ఎంతమంది ఉన్నా సరే, ఒక పొయ్యి వెలిగితే ఒక చెయ్యి లేస్తుంది.

మా ఇంట్లో జేజినాయన, జేజి, మా నాయన, ముగ్గురు చిన్నాయనలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు... పడుకున్నాక ఒకడు పక్కకు తిరిగితే వరసంతా తిరగాలి. అయినా పొయ్యి ఒకటే, చెయ్యి ఒకటే. గోవిందప్ప వాళ్ళు మాలో సగం లేరు. కానీ నలుగురూ కొట్టుకుని వేరుపడ్డవాళ్ళు కాబట్టి నాలుగు చేతులు. కొట్టుకున్నందుకు బహుమానం అన్నమాట. వీధిదీపం కూడా అట్లాగే వాళ్ళ కొసకే పోయింది.

అందరూ కూర్చున్న రోజు జేజినాయన లేచాడు.

“ఏమప్పా, ఇంతమంది నోళ్ళకు ఒగటే మాటనా? తలకాయలు లెక్కపెట్టండి.”

సందు పెద్ద వీరన్న నోరు తెరిచేలోపు వెనక నుంచి ఖాసింబీ అవ్వ అందుకుంది. కింది కొసన ఒంటరిగా ఉంటూ, అందరి మగ్గాలకూ నూలు కండెలు చుట్టిచ్చే ముసలామె.

“తలకాయల లెక్కయితే నేను యాడికి పోవల్లన్నా? మీ ఇంట్లో చంటోడూ నేనూ ఒగటే అయిపోతాం. ఈ సందులో నన్నొక మాట అడిగేదే నా పొయ్యిని చూసి.”

జేజినాయన కూర్చున్నాడు. శుక్రవారం చేతులెత్తుదామని వీరన్న లేచాడు.

మా ఇంట్లో కడగొట్టు చిన్నాయనకు ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వస్తే ఇంటికి పని పడేది.

“నాయనా, మనమూ ఇంగో మూడు పొయ్యిలు పెడదాం. కుళాయి వచ్చినాక పీకేస్తే సరి.”

“పొయ్యి వేరుపెట్టేది ఆటనేమిరా?” అంది జేజి.

“నీళ్ళు మోసేది నువ్వా, కోడండ్లా?” అన్నాడు చిన్నాయన.

కోడళ్ళు బిందెలు ఎత్తుకుని బావికి బయలుదేరారు. జేజికి అర్థమైంది.

మట్టి తెచ్చి పొయ్యిలు పెట్టారు. వీరన్న చూడటానికి వస్తాడని తెలిసి, మరీ కొత్తగా కనిపించకుండా పెద్ద పొయ్యి మసిని ఆముదంతో కలిపి నేనే పూశాను. పనిలో పనిగా, నిద్రపోతున్న కడగొట్టు చిన్నాయనకు మీసాలు కూడా పెట్టాను.

వీరన్న పొయ్యిలు చూశాడు, మీసాలు చూశాడు.

“పొయ్యిలు నాలుగు, సరే. ఈయప్పకు రేతిరికి రేతిరే వచ్చినాయా ఇవి?” అన్నాడు. కానీ నాలుగు చేతులూ లెక్కలో వేసుకున్నాడు.

శుక్రవారం మా కొస చేతులే ఎక్కువ లేచాయి. ఖాసింబీ అవ్వ తన చెయ్యి దించుకుంటూ జేజినాయనతో అంది...

“ఇంగో పొయ్యి పెట్టుకునేది నాకూ తెలుసన్నా. దాని ముందర కూసోనీకి ఇంగో మనిషి యాడుండారు?”

జేజినాయన పైగుడ్డ దులుపుకుని ఇంటికి వచ్చేశాడు.

కుళాయి మా అరుగు ముందర నాటారు. ఆ సాయంత్రమే జేజి, “ఇంగ ఆ పొయ్యిలు పీకేయండి” అంది. “రేపు చూద్దాంలే అత్తా” అంది నడిపి చిన్నమ్మ. తనకు నచ్చినంత కారం వేసుకుని వండుకోవడం ఆమెకు బాగుంది. ఆదోని పత్తి ప్రెస్సింగు మిల్లు నుంచి నడిపి చిన్నాయన తెచ్చే బొరుగుల పొట్లం నేరుగా ఆమె పొయ్యి దగ్గరికే పోయేది.

ఎవరూ కొట్లాడలేదు. ఉప్పు వేరైంది, పప్పు వేరైంది, పండగ వంట వేరైంది. జేజి మాత్రం సంగటికి ఎసరు పెట్టి, ఎన్ని నీళ్ళు పోయాలో తేలక చెంబు పట్టుకుని నిలబడేది.

ఖాసింబీ అవ్వ సందంతా ఎక్కి మా కుళాయికి వచ్చేది. ఒంటి మనిషి అని అందరూ ఆమెను ముందు పట్టుకోనిచ్చేవాళ్ళు. మా వాళ్ళు మాత్రం ఒకరికొకరు వరస తప్పనిచ్చేవాళ్ళు కాదు. చిన్నమ్మ బిందె నిండి పొర్లిపోతున్నా, పక్కనే నిలబడ్డ మా అమ్మ కుళాయి కట్టేది కాదు.

నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. ఏమీ అనిపించేది కాదు. ఇప్పుడు తలుచుకున్నా పెద్దగా ఏమీ అనిపించదు.

మొన్న టీవీలో కోట్లు వేసుకున్నవాళ్ళు అరుచుకుంటున్నారు... ఢిల్లీ సభలో పెద్ద రాష్ట్రానికీ చిన్న రాష్ట్రానికీ సమానంగా కుర్చీలు వేయాలా, జనం లెక్కన వేయాలా అని. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, నాకేం తెలుస్తుంది. జనం లెక్క అన్నవాడు మాట్లాడితే జేజినాయన మాట్లాడినట్టే ఉంది. సమానం అన్నవాడు మాట్లాడితే ఖాసింబీ అవ్వ మాట్లాడినట్టే ఉంది. టీవీ కట్టేశాను.

మీ వీధిలో మాట ఎట్లా తెగేదో మీరూ రాయండి... తలలతోనా, పొయ్యిలతోనా...

మా ఇంట్లో ఇప్పుడు ఒక గ్యాసు పొయ్యి, రెండు తలకాయలు. నాకూ మా ఆవిడకూ మాట సమానమే... మాట్లాడుకుంటే.