గిజిగాడి దరఖాస్తు

మా కింది ఫ్లాటు అంకుల్ పోయారు. ఆంటీ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను వసంత్ కుంజ్ వెనక కుంట గట్టున, దాన్ని పూడుస్తున్న మట్టి లారీల మనుషులతో పోట్లాడుతున్నాను. పొద్దున మెలకువ వచ్చినప్పుడు ఆయన అడిగింది కూడా ఆ కుంట గురించేనట: "గిజిగాళ్లు వచ్చాయా?" వచ్చాయి. ఆ కబురు ఆయనకు చేరలేదు.

కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. ఢిల్లీలో ఎన్నేళ్లున్నా గోదావరి యాస వదల్లేదు. వానాకాలం ఆదివారం సాయంత్రాలు కాలనీ పిల్లల్నీ పెద్దల్నీ వెంటేసుకుని ఆ కుంట దగ్గరికి నడిపించేవారు. నీటి మీదికి వాలిన తుమ్మకొమ్మలకు మగ గిజిగాళ్లు గూడు సగం అల్లి ఆపుతాయి. ఆడపిట్ట కనబడగానే ఆ సగం గూటి కింద వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తాయి. ఆమె వచ్చి కూర్చుని, అల్లిక లాగి చూస్తుంది. ఆమెకు నచ్చితేనే మిగతా సగం.

మా కాలనీ తెలుగు పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోట మాత్రం హిందీయే వస్తుంది. "అంకుల్, యే క్యా కర్ రహా హై?" అని, అదేం చేస్తోందని అడిగేవారు. "దరఖాస్తు పెట్టుకుంటున్నాడ్రా," అనేవారాయన. ఆ మాట రెండు భాషల్లోనూ ఉన్నదే కాబట్టి పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఆడపిట్ట ఎగిరిపోతే, "రిజెక్టెడ్. ఆవిడ మీద అప్పీలు లేదు," అని ఫ్లాస్కులోంచి టీ వంపుకునేవారు.

నేను ఆయనతో వాదించని ఆదివారం లేదు. "అవతల బస్తీలు కూల్చేస్తుంటే మనం ఇక్కడ పిట్టల పెళ్లిచూపులు చూస్తున్నాం అంకుల్," అన్నానొకసారి.

"ఆయ్, పెళ్లిచూపులేనమ్మా. కాపోతే ఇక్కడ మగాడు పాట పాడాలి, ఆడది వంకలు పెట్టాలి. నీ వ్యాసాల్లో నువ్వడిగేది ఇదేగా?"

నవ్వొచ్చింది. అయినా వాదన ఆపలేదు. అప్పుడన్నారు: "కోపం ఉంచుకో అమ్మాయ్. గొంతు మాత్రం తగ్గించు. ఆవిడ ఇల్లు చూసుకుంటోంది."

నా వ్యాసాలు అక్షరం వదలకుండా చదివి, ఒప్పుకోని చోటల్లా గీతలు గీసి, పేపరు మా తలుపు కిందనుంచి లోపలికి తోసేవారు. అంత శ్రద్ధగా నాతో విభేదించే మనిషి నాకిక దొరకరు.

ప్రకృతి ప్రేమ తీరుబడి ఉన్నవాళ్ల సరదా అని రాశాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అయితే ఒకటి అడుగుతాను. బస్తీ మీదికి వెళ్లిన యంత్రమే ఈ కుంట మీదికీ వచ్చింది. అక్కడ అక్రమం అన్నారు, ఇక్కడ ఖాళీ స్థలం అంటున్నారు. నీళ్లున్న చోటు ఖాళీ ఎలా అవుతుంది? కుంట పూడ్చి మాల్ కడితే మనకే కదా మంచిది అంటారు చదువుకున్న మా తెలుగువాళ్లు. ఆయన పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా దాని పార్కింగ్ ఎంతుంటుందోనని మాట్లాడుకున్నారు. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇంకెవరి తలుపు కొట్టాలో తెలియడం లేదు.

మొన్న ఆదివారం పిల్లలే వచ్చి మా తలుపు కొట్టారు. "ఆంటీ, చలేంగే నా?"

వెళ్లాం. కుంటలో సగానికి పైగా మట్టే. ఒక్క తుమ్మచెట్టు మిగిలింది, దాని కింద కాసిన్ని నీళ్లు. సగం గూటికి వేలాడుతూ పసుపు తల మగపిట్ట రెక్కలాడిస్తోంది. ఆడపిట్ట వచ్చి గూట్లో కూర్చుంది.

అప్పుడే ఒక లారీ వెనక్కి నడుస్తూ గట్టు మీదికి వచ్చింది. ఎదురెళ్లాను. అరవబోతే గొంతు పెగల్లేదు. డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లి, వచ్చినంత మాటతోనే అన్నాను: "భయ్యా, జరా ధీరే. వో ఘర్ దేఖ్ రహీ హై." కాస్త మెల్లగా, ఆవిడ ఇల్లు చూసుకుంటోందని.

అతను ఇంజను ఆపాడు. తల బయటపెట్టి చెట్టు వైపు చూశాడు. "ఖాలీ తో కర్నా పడేగా, దీదీ," అన్నాడు, తనూ గొంతు తగ్గించి. మట్టి ఒంపక తప్పదని.

పిల్లలు కదలకుండా నిలబడ్డారు. లారీ నిండా మట్టి. గూట్లో ఆమె ఇంకా అల్లిక లాగి చూస్తోంది. కింద అతడు వేలాడుతూ రెక్కలు కొడుతూనే ఉన్నాడు.