సొంత పక్షం మీదే అభ్యంతరం

ఎవరు ఎవర్ని ఏ ప్రశ్న అడిగినా చెయ్యెత్తి "అబ్జెక్షన్" అనడం ఆ సీనియర్ వకీలు గారి జబ్బు. ఆయన అసలు పేరు గది బయట బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినబడదు. గుమాస్తా దగ్గర్నుంచి జడ్జిగారి డ్రైవరు దాకా అందరికీ ఆయన అభ్యంతరం గారు. కోర్టులో అంటే సరే, అది తిండి పెట్టే మాట. ఈయన నిద్రలో కూడా అంటారని ఇంట్లోవాళ్ళ సాక్ష్యం.

ఒకసారి పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నొప్పి ఈ పన్నుకే కదండీ అన్నాడాయన. అంతే, నోట్లో అద్దం ఉండగానే చెయ్యి పైకి లేచింది. జవాబు ముందే అందించి అడగడం ఎదుటి పక్షం సాక్షి దగ్గరే చెల్లుతుందనీ, తాను డాక్టరుకి ఎదుటి పక్షం కాదనీ వాదించారు. పాపం ఆ డాక్టరు ఈ చివరి నుంచి ఆ చివరికి పళ్ళన్నీ తట్టుకుంటూ రావాల్సి వచ్చింది.

ఆయన పప్పులు ఉడకనిది భార్య దగ్గరొక్కచోటే. గ్యాస్ కట్టేశారా, తలుపు వేశారా అని ఆవిడ అడిగితే, రెండు ప్రశ్నలు కలిపి అడగకూడదంటూ ఈయన లేస్తారు. "ఓవర్‌రూల్డ్" అని కొట్టిపారేస్తుందావిడ, తరిగే కూరలోంచి తలెత్తకుండా. ఈయన బుద్ధిగా వెళ్ళి గ్యాస్ కట్టేసి వస్తారు.

ఆయన దగ్గర కొత్తగా పనిలో చేరిన జూనియర్‌కి ఈ జబ్బు సంగతి మొదటిరోజే బోధపడింది. పెళ్ళి పెటాకులయ్యాక, నలభైకి దగ్గరపడుతూ నల్లకోటు వేసుకున్న మనిషి ఆమె. గుమాస్తా కుర్చీ చూపించి, ఆప్యాయంగానే, మీవారితో ఎందుకు చెడిందమ్మా అన్నాడు. లోపలి గదిలోంచి కేక వినబడింది.

"అబ్జెక్షన్. కేసుకు సంబంధం లేదు. ఆ అమ్మాయికి ఫ్యాను కింద కుర్చీ వెయ్యి."

ఆ తర్వాత పక్కగది వకీలు కదిపినా, జిరాక్సు షాపావిడ కదిపినా అదే కేక. ఈయనకి పిచ్చి ముదిరిందని జూనియర్ మనసులో నవ్వుకునేది.

ఆమెకు మొట్టమొదటి క్రాస్ ఎగ్జామినేషన్ ఫర్నిచర్ షాపు కేసులో దక్కింది. షాపు వ్యాను ఓ ఆస్పత్రి గేటును గుద్దిందని దావా. ఆస్పత్రి తరఫు సాక్షి ఎదురింటి మేడ మీద బట్టలు కుట్టే ఆవిడ. వ్యాను గుద్దడం కిటికీలోంచి చూశానని చెప్పింది. ఇది గనక చెడితే తన కేసులన్నీ వేరే వకీలుకి ఇచ్చేస్తానని షాపు యజమాని జూనియర్‌ని ముందే బెదిరించాడు. పైగా కోర్టు మెట్ల మీద చాటుగా ఆమె చెవిలో ఓ ప్రశ్న ఊది, ఇది అడిగితే సాక్షి నోరు మూతపడుతుందన్నాడు. ఆమెకి అది మింగుడుపడలేదు. కానీ మొదటి క్రాస్, వెనక బెంచీలో యజమాని.

సాక్షి మెడలో కొలత టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. జూనియర్ గొంతు సవరించుకుంది.

"మీ ఆయన మిమ్మల్ని వదిలేశాక, పొద్దస్తమానం కిటికీలో నిలబడి వచ్చేపోయే మగాళ్ళని..."

"అబ్జెక్షన్!"

అందరూ ఆస్పత్రి వకీలు వైపు చూశారు. ఆయన కుర్చీలోంచి సగం లేచి, ఏం చెయ్యాలో తోచక అలాగే ఉండిపోయాడు. నిలబడి ఉన్నది అభ్యంతరం గారు. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు ఎవరి తరఫునండీ?"

"షాపు తరఫునేనండి. ఈ ప్రశ్న మాత్రం ఎవరి తరఫునా చెల్లదు. సాక్షి చూపు ఎంత ఆనుతుందో అడగొచ్చు. అబద్ధం చెబుతున్నారని మొహం మీదే అనొచ్చు. మనిషిని పదిమందిలో సిగ్గుతో చంపడానికి మాత్రం అడక్కూడదు."

కోర్టు గొల్లుమంది. జడ్జిగారు నవ్వాపుకుని ప్రశ్న కొట్టేశారు. జూనియర్‌కి తల కొట్టేసినట్టయింది. ఎదురుగా చూస్తే సాక్షి వేళ్ళు టేపును మెలిపెడుతున్నాయి. అప్పుడు తట్టిందామెకు. ఇదే ప్రశ్న తనను అడగబోయినవాళ్ళు ఎందరో, అడిగి జవాబు రాబట్టినవాడు ఒక్కడూ లేడు. ఆయన రాబట్టనివ్వలేదు. తను పిచ్చి అనుకున్నది ఇన్నాళ్ళూ తనకే కాపలా కాసింది. ఈ మనిషి దగ్గరా నేను పని నేర్చుకుంటున్నది అనుకునేసరికి సిగ్గు పోయి గర్వంతో వెన్ను నిటారైంది.

ముందు సాక్షికి క్షమాపణ చెప్పింది. తర్వాత మీ మిషను ఎటు తిరిగి ఉంటుందని అడిగింది. వెలుతురు భుజం మీదుగా పడాలి కాబట్టి కిటికీకి వీపు పెట్టి కుడతానంది సాక్షి.

"అయితే గుద్దడం చూశారా, చప్పుడు విని తిరిగారా?"

పక్కన సీనియర్ చెయ్యి కదిలింది. రెండూ కలిపేశానని జూనియర్ నాలిక్కరుచుకుంది.

"గుద్దడం మీరు కళ్ళారా చూడలేదు, అవునా?"

సాక్షి టేపు వదిలేసింది. "నిజం చెప్పాలంటే లేదండి. చప్పుడుకి తిరిగాను. వ్యాను గేటు ముందుంది. ఓ లారీ కూడా వెనక్కి పోతోంది."

గేటును గుద్దింది ఆ లారీ కూడా కావచ్చన్న అనుమానంతో కేసు మలుపు తిరిగింది. తర్వాత వరండాలో సాక్షి జూనియర్‌ని ఆపి, ఇందాకటి ప్రశ్న గనక సాగి ఉంటే ఒళ్ళుమండి, వ్యాను తోలింది ఆ షాపు యజమానే అని కూడా చెప్పేసేదాన్నని ఒప్పుకుంది. ఆ యజమాని, నా వకీలు నా మీదే లేస్తాడా అని గొణుక్కున్నాడే గానీ ఫైలు మాత్రం వెనక్కి అడగలేదు.

మధ్యాహ్నం సీనియర్ ఆమెను భోజనానికి ఇంటికి తీసుకెళ్ళారు. వార్త వాళ్ళకంటే ముందే చేరింది. భార్య గరిటెతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"సొంత జూనియర్ మీదే లేచారట. అసలు మీకు బుద్ధుందా?"

అభ్యంతరం గారు అలవాటుగా చెయ్యెత్తబోయి, భార్య మొహం చూసి దించేశారు. ఆయన పక్కన ఇంకో చెయ్యి లేచింది.

"అబ్జెక్షన్, అమ్మగారూ" అంది జూనియర్. "అది సాక్షిని అవమానించే ప్రశ్న."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ ఇంట్లో అంతవరకూ ఒక్క అభ్యంతరమూ నెగ్గి ఎరగదు.

"సరే, ఒప్పుకున్నాం" అంది చివరికి, నవ్వు దాచుకోవడానికి వెనక్కి తిరిగి. "సాక్షి చేతులు కడుక్కుని రావచ్చు. వస్తూ వస్తూ ఆ గ్యాస్ కట్టేసి రమ్మను."